కుడుముల పులుసు మీద మూత

ధర్మవరం
12-5-2025, సోమవారం

పెనుకొండలో ఉన్న మా నిర్మలక్కకు తమ్ముడు క్రాంతి కుమార్ చేతులెత్తి పెట్టే వందనాలు.

నేను బాగున్నాను. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. ఫోను చేద్దామంటే నీ వినికిడి మిషను కుయ్యోమంటుంది, ఇద్దరం హలో హలో అనుకునేసరికి నా డ్యూటీ టైమవుతుంది. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను. మా వీధి యోహాను రోజూ పొద్దున పాసింజరు రైలుకు మీ ఊరి ఆఫీసుకే వస్తాడు కదా, ఆయన చేతికిస్తే నీ వాకిట్లో ఇచ్చి పోతాడు. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

సంగతేమంటే, అమ్మ కాలంనాటి కుడుముల కోడిపులుసు ఎట్లా చేయాలో నాకు రాసి పంపు. అదే, అమ్మ మిషన్ బంగళాలో వంట చేసే రోజుల్లో దొరసానమ్మ దగ్గర నేర్చుకుని, మన మిరియాలూ ధనియాలూ గసగసాలూ చేర్చి మన ఇంటి కూర చేసుకుందే, అది. ఉడికే పులుసు మీద పిండిని గరిటెతో ముద్దలు ముద్దలుగా వేస్తే మెత్తగా పొంగి వస్తాయే, అది. ప్రతి క్రిస్మస్‌కూ నీ ఇంట్లో తింటూనే ఉన్నాను గానీ, నువ్వు ఎట్లా చేస్తావో ఎప్పుడూ చూడలేదు. నువ్వు మగవాళ్లను వంటింటి గడప తొక్కనిస్తే కదా.

ఎందుకని అడగొద్దు. ఊరికే, చేయాలనిపించింది. ఝాన్సీ బడికి ఎండాకాలం సెలవులు కదా, హిందూపురంలో వాళ్లమ్మను చూడటానికి పోయింది. సబ్‌స్టేషన్‌లో డ్యూటీ, ఇంటికొస్తే చిత్రాన్నం. రెండు వారాలుగా చిత్రాన్నమే. పక్కింటి పిల్లి కూడా మా గుమ్మం వైపు రావడం మానేసింది.

ఒక్కటీ వదలకుండా రాయి. ఎంత పిండి, ఎన్ని నీళ్లు, ఎన్ని నిమిషాలు. గంటగంటకూ మీటరు రీడింగు రాసేవాణ్ణి, అంకెలు లేకపోతే నాకు తలకెక్కదు.

నీ తమ్ముడు
క్రాంతి


పెనుకొండ
14-5-2025

తమ్ముడు క్రాంతికి అక్క నిర్మల దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. నీకు యాభై నాలుగేళ్లు. ఇంతవరకూ నీళ్లు కాచుకోవడానికి కూడా ‘ఝాన్సీ, స్టవ్ ఎట్ల అంటించాల?’ అని కేకేసే మనిషివి. ఉన్నట్టుండి కోడిపులుసు మీదికి పోయింది నీ బుద్ధి. పైగా ‘ఎందుకని అడగొద్దు’ అని ముందే రాశావు. అడగాల్సిందేదో ఉందన్నమాట.

‘నువ్వు ఎట్లా చేస్తావో ఎప్పుడూ చూడలేదు’ అని రాశావు. ఆ మాట రాయమని నీకెవరు చెప్పారు? ఝాన్సీ నీతో ఏమైనా అనిందా? అని ఉంటే సూటిగా రాయి. పెద్దదాన్ని, ఈ వయసులో నాకు పరీక్షలు పెట్టొద్దు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నమైతే కొండ నుంచి సెగ నేరుగా నా వసారాలోకే వస్తుంది. ఎర్రకోడి పద్నాలుగు గుడ్లు పొదిగితే పదకొండు పిల్లలు లేచాయి. పోయిన ఆదివారం పాస్టరుగారు ఒకటిన్నర గంట ప్రసంగం చేశారు. నేను మిషను తీసి చేతిసంచిలో వేసుకుని కళ్లు మూసుకున్నాను. ‘నిర్మలమ్మ ఎంత భక్తిగా వింటాందో చూడండి’ అని అందరికీ చూపించారంట.

కూర అంటావా, కోడిని కోసి, కడిగి, ఉడికించాలి. పిండి తగినంత. నీళ్లు తగినన్ని. ఉప్పు చూసుకుని. నిమిషాలంటావా, ఉడికేదాకా.

యోహాను చేతికి ఒక పెట్టను కూడా ఇస్తున్నాను. దాని కాళ్లు గట్టిగానే కట్టాను.

మీ అక్క
నిర్మల


ధర్మవరం
19-5-2025

అక్కకు వందనాలు.

పెట్ట చేరింది. కాళ్లు నువ్వు గట్టిగా కట్టినా, రైలు కదిలే లోపలే ఊడదీసుకుందంట. పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరికి యోహాను దాని వెనకాల పరిగెత్తాడు. ధర్మవరం మగ్గాలకు పోయే నేతవాళ్లు నలుగురు తువ్వాళ్లు పరిచి పట్టిచ్చారంట. ‘ఏమబ్బా, మీ అక్క ఉత్తరాలైతే తెస్తా గానీ ఇంగ ప్రాణమున్నవి నా చేతికియ్యొద్దని చెప్పు’ అన్నాడు. చెప్పేశాను.

ఇంక నా సంగతి. అక్కా, ‘తగినంత’ అంటే ఎంత? అడిగింది అన్నం కాదు, అంకెలు. మిగతా వాళ్లెవరైనా ఇట్లా రాస్తే పోనీ అనుకుంటాను. సొంత అక్కవు నువ్వే దాచిపెడితే ఎట్లా? అమ్మ నీకొక్కదానికే నేర్పిందని, అది నీ పెట్టెలోనే ఉండాలని ఉందా?

అయినా నిన్న ఆదివారం నాకు తోచినట్టు చేశాను. పులుసు బాగానే కుదిరింది. ఎర్రగడ్డలు, అల్లం, తెల్లగడ్డలు, మిరియాలు, రెండు ఉర్లగడ్డలు. వీధి మొత్తం వాసన వచ్చింది, పిల్లి కూడా తిరిగొచ్చింది. చెడింది కుడుముల దగ్గరే. కాగితం మీద రాసిపెట్టుకున్నాను, చూడు. పన్నెండూ పదికి ముద్దలు వేసి మూత పెట్టాను. పన్నెండూ పదమూడుకు మూత తీసి చూస్తే చిన్నగా ఉన్నాయి. పదహారుకు చూస్తే చిన్నగానే ఉన్నాయి. పద్దెనిమిదికి ఒకటి కాస్త లేచినట్టు కనిపించింది, సంతోషపడి ఇరవైకి మళ్లీ తీశాను, కూర్చుండిపోయింది. ఇరవై మూడు, ఇరవై ఆరు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ఎప్పుడు చూసినా ఒకటే రీడింగు. ఇంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్నా గుండ్రాళ్లు అయ్యాయి. ఒకటి కింద పడితే బండ మీద టంగుమని మోగింది. పిల్లి దాన్ని కాసేపు ఆడించుకుని వదిలేసింది.

నీ కుడుములు అట్లా పొంగుతాయి, నావి ఇట్లా ఎందుకయ్యాయి? ఆ మర్మమేమిటో చెప్పు. నాకు ఈ నెలాఖరు లోపల కావాలి.

నీ తమ్ముడు
క్రాంతి


పెనుకొండ
21-5-2025

క్రాంతికి.

నీకు అంతా తెలిసిపోయిందని నాకు అర్థమైంది. లేకపోతే ‘గుండ్రాళ్లు’ అనే మాటే దొరికిందా నీకు రాయడానికి? టంగుమని మోగిందని కూడా రాశావు. చాలు నాయనా. ఒకసారి ఎవరి కుడుములు అట్లా అయ్యాయో, ఎవరు చూశారో నాకు తెలుసు, ఆమెకు తెలుసు. మూడో మనిషికి తెలియకూడదని మాటిచ్చింది.

‘మర్మమేమిటో చెప్పు’ అంటావు. ‘నెలాఖరు లోపల’ అని గడువు కూడా పెడతావు. నా నోటితోనే చెప్పించాలని మొగుడూ పెళ్లాం కూర్చుని ఈ ఉత్తరాలు రాస్తున్నారు, నాకు తెలియదనుకున్నారా? ఝాన్సీ ఇట్లాంటి మనిషని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇంటికొచ్చిన కోడలని కాకుండా కడుపున పుట్టిన బిడ్డ లెక్క చూసుకున్నాను. ఆమెకే చెప్పు, మాట నిలబెట్టుకోలేని వాళ్లు ఈ క్రిస్మస్‌కు నా ఇంటికి రానక్కర్లేదు.

రెండు కోడిపిల్లలను గద్ద ఎత్తుకుపోయింది. ఎవరికి చెప్పుకోవాలి?

నిర్మల


ధర్మవరం
23-5-2025

అక్కకు వందనాలు.

ఝాన్సీని పండగకు రావద్దన్నావంటే, మా గొడవ నీ దాకా వచ్చిందన్నమాట. నీకెవరు చెప్పారు? యోహానా? ఝాన్సీనే రాసిందా? ఎవరు చెప్పినా సరే, తెలిసిపోయింది కాబట్టి దాచను. కానీ ఝాన్సీని ఏమీ అనొద్దు అక్కా, ఆమె ఏ మాట తప్పిందో నాకు తెలియదు గానీ, తప్పు మాత్రం నాది.

ఆమె అమ్మను చూడటానికి పోలేదు. నా మీద కోపంతో పోయింది. ఏప్రిల్ 27 ఆదివారం మా ఆఫీసు హరికృష్ణ, వాళ్లావిడ మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఝాన్సీ పొద్దున ఆరింటి నుంచి నిలబడి కుడుముల కోడిపులుసు చేసింది. నేను ఒక కుడుము కొరికి, వాళ్ల ముందరే, ‘ఇవేం కుడుములు? మా అక్క చేసేదాంట్లో పావలా వంతు లేవు. ముప్పై ఏండ్లయినా నీకు ఆ చేయి రాలేదు’ అన్నాను. నవ్వులాటకే అన్నాను. హరికృష్ణ భార్య నవ్వలేదు. ఝాన్సీ నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసేసుకుంది. వాళ్లు వెళ్లాక గరిటె తొట్లో పడేసి, ‘ఆ చేయి యాడుండాదో ఆడికే పోయి తిను’ అనింది. మరుసటి రోజు పాసింజరెక్కి పోయింది.

ఫోనెత్తదు. మెసేజీలు మాత్రం పెడుతుంది. ‘గ్యాస్ బుక్ చేసుకో.’ ‘పాలాయనకు అరలీటరే చాలని చెప్పినా.’ నాలుగు రోజుల కింద ఇంకోటి వచ్చింది, దాంతో నా నిద్ర పోయింది. టీచర్ల బదిలీలంట, నెలాఖరు లోపల ఆన్‌లైన్‌లో ఊరు కోరుకోవాలంట. ‘హిందూపురం మొదట పెడతాండా’ అని రాసింది. అక్కా, పెట్టేస్తే ఇంక ఎన్నేళ్లకో. నేను ఇక్కడ, ఆమె అక్కడ. ముప్పై ఏళ్లు ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్నాం. ఇప్పుడు ఆ రెండో కంచం బోర్లించి ఉంటే నాకు అన్నం దిగడం లేదు.

అందుకే నేనే స్వయంగా చేసి, నీ కుడుముల్లాంటివి చేసి, తీసుకుపోయి ఆమె ముందర పెట్టి తప్పయిందని చెబుదామనుకున్నాను. నీ కుడుములు కుదిరితేనే ఆమె మనసు కరుగుతుంది. దయచేసి చెప్పు.

క్రాంతి


పెనుకొండ
26-5-2025

ఒరేయ్ క్రాంతీ,

ఈ కాగితం అక్కడక్కడా తడిసి ఉంటే చెమట అనుకో.

నువ్వు ఎనిమిది క్రిస్మస్‌లుగా లొట్టలేసుకుంటూ తిన్న కుడుములు నావి కావు. ఝాన్సీవి.

2017లో పండగకు ముందు నేను చర్చి మెట్ల మీద జారి పడ్డాను, గుర్తుందా? కట్టు విప్పాక ‘బాగైపోయింది’ అని మీ అందరితో చెప్పాను. బాగవలేదు. ఈ కుడిచేయి నిండు గరిటెను ఎత్తదు, ముద్దను కలపదు. ఆ క్రిస్మస్ పొద్దున ఎట్లాగో ఒంటిచేత్తో కలిపి వేశాను. గుండ్రాళ్లే అయ్యాయి. బయట చాపల మీద ఇరవై మంది కూర్చుని ఉన్నారు, నేను వంటింట్లో పీట మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఝాన్సీ లోపలికొచ్చి చూసింది. తలుపేసింది. ఒక్క మాట అనకుండా వాటిని తీసి పక్కన పెట్టి, మళ్లీ పిండి కలిపింది. అంతా అయ్యాక గరిటె నా ఎడమచేతిలో పెట్టి, ‘వదినా, నువ్వు వడ్డించు. చేసిందెవురని ఎవురడుగుతారు?’ అనింది.

మన ఇళ్లలో అంతే కదా, పెద్దది వడ్డిస్తే చేసింది పెద్దదే అనుకుంటారు. అందరూ ‘నిర్మలమ్మ చేయి’ అన్నారు. అందరికంటే గట్టిగా నువ్వే అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నాకు ఆ మాట వినాలనిపించింది రా. మీ బావ పోయాక, చేయి పోయాక, నాకు మిగిలింది ఆ ఒక్క మాటే అనిపించింది. మరుసటి ఏడు నుంచి మగవాళ్లు వంటింటి గడప తొక్కకూడదని కట్టడి పెట్టింది అందుకే. భక్తి కాదు, మడి కాదు. దొరికిపోతానని భయం.

నీ ఉత్తరం వస్తే, ఆమె నీతో చెప్పేసిందని, నువ్వు నన్ను ఆడిస్తున్నావని అనుకున్నాను. నీతో చెప్పడం కాదు, అంత మాట పడి కూడా నోరు మూసుకుని రైలెక్కింది నా కోసం. ఆ పిల్లనే పండగకు రావొద్దని రాశాను. నాకు బుద్ధి లేదు, నీకసలే లేదు.

ఇంక నీ ఇంట్లో ఆమె కుడుములు ఎందుకు పొంగవంటావా? ఆమెనే ఒకసారి అనింది, ‘ధర్మవరంలో నాకు కుదరవు వదినా. ఆయప్ప మూడు నిమిషాలకొకతూరి వచ్చి మూత ఎత్తుతాడు. వద్దంటే ఇంటేనా!’ అని. నువ్వే నీ కాగితంలో ఎనిమిదిసార్లు ఎత్తినట్టు రాసుకున్నావు. కుడుము ఆవిరికి పొంగేది. ఆవిరిని నువ్వు వదిలేసి, ఆమె చేయిని అన్నావు. నా ఇంట్లో నీకు గడప దాటే వీల్లేదు కాబట్టి అవి పొంగాయి. అంతే మర్మం.

అంకెలు కావాలన్నావుగా, రాసుకో. పావుకిలో గోధుమపిండి, ఒక గుప్పెడు రాగిపిండి, రెండు వేళ్లకు వచ్చినంత వంటసోడా, ఉప్పు, పుల్లమజ్జిగ ఒక గ్లాసు. గరిటెతో నాలుగు తిప్పులు తిప్పు, పిసకొద్దు. పులుసు బాగా మరిగి తెర్లేటప్పుడు వేసి, మంట తగ్గించి, మూత పెట్టు. మూత మీద నూరేగుండు పెట్టు. పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు ఇంట్లో ఉండొద్దు.

ఈ ఉత్తరం ఆమె చేతికివ్వు. దాచావంటే నేను నీకు అక్కను కాదు.

నిర్మల


హిందూపురం
31-5-2025, శనివారం

అక్కకు వందనాలు. దీన్ని పోస్టులో వేస్తున్నాను, యోహాను ఇటు రాడు కదా.

నిన్న పొద్దున దిగాను. ఒక చేతిలో నాటుకోడి, ఒక సంచిలో పిండి, జేబులో నీ ఉత్తరం. మా అత్త తలుపు తీసి, ‘ఏమప్పా, ఇట్ల చిక్కిపోయినావు!’ అనింది. ఝాన్సీ వెనక నుంచి చూసింది. నీ ఉత్తరం చేతికిచ్చాను.

చదువుతూ మధ్యలో ఒకసారి నవ్వుతుందేమో, మెత్తబడుతుందేమో అనుకున్నాను. ఎక్కడ? చదివి లేచి నిలబడింది. ‘వదిన చేత ఈ మాట రాయించినావా? ఎనిమిదేండ్లు నేను నోరు మూసుకుంటే, ఒక్క నెలలో ఆమె నోటితోనే చెప్పించినావే! ఇది రాసేదానికి ఆమె మనసు ఎంత కష్టపడిందో నీకేమన్నా తెలుస్తాందా?’ అని గదిలోకి పోయి తలుపేసుకుంది. అక్కా, నేను బాగు చేద్దామని పోయి మొత్తం ఫ్యూజే ఎగరగొట్టుకున్నాను.

ఏం చేయాలో తోచక వంటింట్లోకి పోయాను. అత్త స్టవ్ అంటించి ఇచ్చింది. నువ్వు రాసినట్టే చేశాను. ముద్దలు వేసి, మూత పెట్టి, గుండు పెట్టి, బయటికొచ్చి వీధి మెట్టు మీద కూర్చున్నాను. నా ముప్పై ఏళ్ల సర్వీసులో అంత పొడుగు పదిహేను నిమిషాలు చూడలేదు. ఆరో నిమిషంలో లేచాను. ‘యాడికి?’ అనింది అత్త. కూర్చున్నాను. పదో నిమిషంలో ఊరికే చెప్పులు సర్దుకుందామని లేచాను. ‘కూర్చోప్పా’ అనింది. కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, నేను ఇన్నేళ్లూ ఎత్తింది మూత ఒక్కటే కాదని. ఆమె బడి పేపర్లు దిద్దుతుంటే తొంగి చూడటం, చీర మడతపెడుతుంటే ‘అట్లా కాదు’ అనడం, అన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

మూత తీసింది నేను కాదు. లోపల చప్పుడైతే పోయి చూశాను. ఝాన్సీ గుండు పక్కన పెట్టి, మూత పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె నిండా కుడుములు పొంగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

కంచం పెట్టి నేనే వడ్డించాను. పెళ్లయినప్పటి నుంచి ఇదే మొదటిసారి, ఆ సంగతి అత్త ముందరే నాకు తట్టింది. ‘తెలియక అన్నాను. అయినా తెలిసినా తెలియకపోయినా నలుగురి ముందర అనకూడని మాట. తప్పయింది ఝాన్సీ’ అన్నాను. ఆమె ఒక కుడుము తినింది. రెండోది తినింది. మూడోది తింటూ, ‘సోడా రవ్వంత ఎక్కువైంది’ అనింది. నాలుగోది తనే వేసుకుంది. నా ప్రాణం కుదుటపడింది.

అప్పుడు ధైర్యం చేసి అడిగాను, ఆప్షన్ పెట్టేశావా అని. ‘మొన్ననే పెట్టేసినా’ అనింది. ‘హిందూపురమేనా?’ అన్నాను.

‘పెనుకొండ’ అనింది.

‘హిందూపురమని నిన్ను భయపెట్టేకి రాసినా. వదిన ఆ చేత్తో దినామూ ఏం వండుకుంటాండాదో, తింటాండాదో లేదో, తమ్మునివి నువ్వెప్పుడన్నా చూసినావా? యోహానన్నతో పాటు పొద్దున పాసింజరుకు పోయి సాయంత్రం ఇంటికొస్తా. మధ్యానం వదినకాడ వండి, ఇద్దరమూ తింటాం. నువ్వు చిత్రాన్నం తిను’ అనింది.

అక్కా, ఆమె అది పెట్టింది నీ ఉత్తరం చదవకముందు. నేను రాకముందు. నా మీద కోపం ఉన్నప్పుడే.

రేపు ఇద్దరం ధర్మవరం పోతున్నాం.

నీ తమ్ముడు
క్రాంతి


పెనుకొండ
4-6-2025

ఝాన్సీకి, దాని మొగుడికి దీవెనలు.

ఉత్తరం పైన నీ పేరు మొదట రాశాను ఝాన్సీ, ఇంక ఎప్పుడూ అట్లానే రాస్తాను. ఆర్డరు వచ్చేదాకా ఎదురు చూడను. ఆదివారం ఇద్దరూ రండి. చర్చి అయ్యాక పండగకొచ్చే వాళ్లందర్నీ నా ఇంటికి పిలిచాను. ఎందుకని అడిగారు, కుడుముల పులుసు అని చెప్పాను.

వంట క్రాంతిది. గడప కట్టడి ఎత్తేశాను, లోపలికి రావచ్చు. కానీ ముద్దలు వేసిన వెంటనే మెట్టు మీద కూర్చోవాలి, కాపలాకు యోహానును పెడతాను. వడ్డన నీది ఝాన్సీ. గరిటె కడిగి పెట్టాను. నేను బయట చాప మీద, వరసలో మొదట కూర్చుంటాను.

ఈ ఎనిమిదేళ్లూ కుడుములు చేసిందెవరని ఎవరూ అడగలేదు. ఆదివారమూ అడగరు. అడక్కపోయినా నేనే చెప్తాను. మిషను తీసేసి చెప్తాను. చెవిటిదాన్ని, అది తీస్తే నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో మీకు తెలుసు. వీధి చివరిదాకా వినిపిస్తుంది.

మీ
నిర్మల